టికెట్ లేని అధ్యక్షుడు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు, ఆదివారం అయితే చాలు. మిగతా ఆరు రోజులూ అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడుస్తూ, గుడ్లు ఉడికిస్తూ, రిజిస్టర్లు నింపుతూ ఎంతో ఓర్పుగా ఉండేదాన్ని. ఆ ఓర్పంతా శనివారం సాయంత్రానికి ఖర్చయిపోయేది. ఆదివారం పొద్దున నారాయణఖేడ్‌లో మా కాలేజీ గేటు ముందు దిగేసరికి ముక్కు మీద కోపం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు వయసు పెరిగింది, బీపీ మాత్ర వేసుకుంటున్నాను, నా కోపం తగ్గిందని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారు. తగ్గలేదని పోయిన నెలలో తెలిసింది.

పోయిన నెలలో ఏమైందంటే, మా పాత స్టడీ సెంటర్‌ను ఇప్పుడు చూసుకుంటున్న లెక్చరరు ఫోన్ చేశాడు. ఉద్యోగాలు, కూలిపనులు, సంసారాలు చేసుకుంటూ ఆదివారాలు ఓపెన్ డిగ్రీ చదివేవాళ్లకు అక్కడ ఒక విద్యార్థి సంఘం ఉంది, దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో నేనొకదాన్ని. "మేడం, సంఘం చరిత్ర రాసిన, ఫ్రేం కట్టించి గోడకు పెడదామనుకుంటున్న, ఒకసారి చూడుండ్రి" అని వాట్సాప్‌లో కాగితం పంపాడు. అందులో ఇలా ఉంది: "మన సంఘానికి మొదటి అధ్యక్షులు శ్రీ ఫలానా. వారు స్వయంగా రాసిన వినతిపత్రం వల్లే పరీక్షా కేంద్రం నారాయణఖేడ్‌లో నిలిచింది. వారి విద్యార్థి జీవితం మనకు ఆదర్శం." (ఫలానా అని మార్చి రాసింది నేను. కాగితంలో అసలు పేరే ఉంది.) మూడు వాక్యాల్లో నారాయణఖేడ్ అన్న మాట ఒక్కటే పూర్తిగా నిజం. ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేసి ఆ లెక్చరరును తిట్టాల్సినంత తిట్టాను. ఆయన అంతా విని, "రికార్డుల గట్లనే ఉంది మేడం" అన్నాడు. రికార్డు తప్పన్నాను. అసలు సంగతి నేను రాస్తానన్నాను. రాస్తున్నాను.

అప్పుడు మా తరగతిలో మేం ముప్పై మందిమి. పదీ పన్నెండూ చదివి ఆగిపోయిన వాళ్లం, ఒకడు హోంగార్డు, ఒకడు మేస్త్రీ, ఒకామె దవాఖానలో ఆయమ్మ, ఇలా. నాకు సూపర్‌వైజర్ పోస్టు కావాలి, దానికి డిగ్రీ కావాలి, అందుకని చేరాను. కండక్టర్ అన్న అని ఒకాయన ఉండేవాడు, ఆర్టీసీలో పని, ఆయనదీ ప్రమోషన్ బాధే. బస్సులో టికెట్ లేకుండా మేకపిల్లను కూడా ఎక్కనివ్వడని పేరు. బజారులో బట్టలు కుట్టే ఒకామెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం, యాభై దాటాయి. ఆమెకు ప్రమోషనూ లేదు, పోస్టూ లేదు. "నా బిడ్డ డిగ్రీ చేసి నాకే ఇంగ్లీషుల జవాబిస్తుంది, ఇగ నేను గూడ చేస్త" అని పంతం పట్టి చేరింది. ఇక కంగ్టి నుంచి ఒక జంట వచ్చేది. మోటారు సైకిల్ మీద, మధ్యలో చంటిపిల్ల. ఆమెను కంగ్టి అక్క అనేవాళ్లం, ఆయన్ని బావ అనేవాళ్లం.

వీళ్లందరి పైన, పాఠం చెప్పేదీ హాజరు వేసేదీ ఒక్కడే అయిన హాజరు సారు. ఆయన అసలు పేరు మాకెవరికీ గుర్తుండేది కాదు, ఎందుకంటే ఆయనకు మా పేర్లు ఒక్కటీ తెలియదు. మేమంటే ఆయనకు ఆదివారం పాడుచేసే ముప్పై నంబర్లం. రిజిస్టర్‌లో తలపెట్టి ఒకటి, రెండు, మూడు అని పిలుచుకుంటూ పోయేవాడు, హాజర్ అన్న గొంతు ఆడదా మగదా అని కూడా తలెత్తి చూసేవాడు కాదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వనని మాత్రం ప్రతివారం బెదిరించేవాడు. పిల్లలను తరగతిలోకి తేవద్దని మొదటి రోజే చెప్పేశాడు. అందుకని కంగ్టి అక్క పిల్ల ఏడిస్తే వరండాలోకి పోయి కిటికీ కింద కూర్చుని పాలిచ్చేది. ఆమె బయటికి పోతే బావ లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుని నోట్సు రాసేవాడు. ఆమె లోపలికి వస్తే ఆయన పిల్లను ఎత్తుకుని బయటికి పోయేవాడు. ఇద్దరూ చదువుకుంటున్నారు, పిల్ల కోసం వంతులు వేసుకుంటున్నారు, ఎంత చక్కని జంట అని మేం మురిసిపోయాం. పాఠం నడిచేటప్పుడు వాళ్లిద్దరినీ ఒకేసారి తరగతిలో చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ముప్పై మంది పెద్దవాళ్లకు.

సంఘం పుట్టింది బాత్రూం దగ్గర. ఆడవాళ్ల బాత్రూంకు ఆదివారం తాళం. చాబీ ఊడ్చే ఆమె దగ్గర, ఆమె శనివారమే సిర్గాపూర్ పోతుంది. ఆడవాళ్లం పొద్దున్నే నీళ్లు తాగడం మానేసి వచ్చేవాళ్లం. పాలిచ్చే తల్లి నీళ్లు తాగకుండా ఎలా ఉంటుంది? ఒక ఆదివారం కంగ్టి అక్క వెళ్లి హాజరు సారును చాబీ అడిగింది. ఆయన రిజిస్టర్ నుంచి తలెత్తకుండానే, "ఇంకో రెండు గంటలైతే ఇంటికే పోతవు కదమ్మా, ఆగలేవా" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. నేను అన్నాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను కానీ, చివర్లో "పగటి పిల్లలకు రెండు సంఘాలున్నయి, మాకెందుకు లేదు? మాకు గూడ సంఘం పెడతం, అప్పుడు మాట్లాడుండ్రి" అని బల్ల గుద్దాను. (చెయ్యి రెండు రోజులు వాచింది.)

"మీకు సంఘమేందమ్మా, మీరంత పెద్ద మనుషులు, సంఘాలు పోరగాళ్లకు" అన్నాడు సారు. ఆ మాటతో ఊగిసలాడుతున్న వాళ్లు కూడా నా వైపు వచ్చేశారు. మమ్మల్ని హాజరు దగ్గర చిన్నపిల్లల్లా బెదిరించే మనిషి బాత్రూం దగ్గర పెద్ద మనుషులను చేశాడే అని అందరికీ ఒకేసారి మండింది.

తర్వాతి ఆదివారం ఎన్నిక. ఆ రోజు బోరంచ పోచమ్మకు మొక్కులున్న వాళ్లతో ఆటోలన్నీ నిండిపోయి, నేను కాలేజీ దాకా నడిచి వచ్చాను, కాబట్టి మామూలు కన్నా ఎక్కువ వేడిగా ఉన్నాను. ఎన్నిక జరిపే పని కండక్టర్ అన్నకు ఇచ్చాం. ఆయన తలుపు దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం, పెన్సిల్‌తో గాలిలో పొడుస్తూ తలలు లెక్కపెట్టాడు. ముప్పై. రిజిస్టర్‌లో చూశాడు. ముప్పై. "లెక్క బరాబర్ ఉంది, రైట్ రైట్" అన్నాడు. లెక్క బరాబర్ ఎందుకుందంటే అప్పుడు కంగ్టి అక్క కిటికీ కింద కూర్చుని పిల్లకు పాలిస్తోంది, బావ ఆమె బెంచీ మీద కూర్చున్నాడు. పదిహేనేళ్లుగా టికెట్లు చూసిన మనిషి ఆ ఒక్కరోజు తలలు చూసి ఊరుకున్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. అధ్యక్షురాలిగా ఎవరైనా నా పేరు చెబుతారని నేను ఎదురుచూశాను. బల్ల గుద్దింది నేను కదా. ఎవరూ చెప్పలేదు. ఖాలా పైకప్పు చూస్తోంది, మేస్త్రీ గోళ్లు చూసుకుంటున్నాడు. నా నోటికి భయపడ్డారని ఇప్పుడు అర్థమవుతోంది కానీ, అప్పుడు మాత్రం ఇంత చేతకాని మందతో ఎందుకు పడ్డానా అనిపించింది. ఆ ఉక్రోషంలో లేచి, "కంగ్టి బావను చేద్దాం" అన్నాను. ఎందుకన్నానంటే ఆయన గొంతు పెద్దది, ఒక్క ఆదివారం తప్పకుండా వస్తాడు, సారును ధైర్యంగా ప్రశ్నలు అడుగుతాడు. అవి నేను పైకి చెప్పిన కారణాలు. లోపలి కారణం, మగమనిషి పోయి అడిగితే సారు వింటాడని. ఆడవాళ్ల బాత్రూం చాబీ కోసం పెట్టిన సంఘానికి నేనే మగమనిషిని వెతికి పెట్టాను.

బావ గాబరాగా లేచి నిలబడ్డాడు. "నేనా? నేనెట్లయితనమ్మా? నేను అసలుకే..." అన్నాడు. "కూసో అన్నా" అన్నాడు కండక్టర్ అన్న, "నేనైత నేనైత అనేటోళ్లను మస్తు మందిని చూసినం. వద్దనేటోడే మంచిగ చేస్తడు." బావ మళ్లీ నోరు తెరిచాడు. అప్పటికే ఖాలా తన సంచిలోంచి ఎవరికో కుట్టాల్సిన పట్టు ముక్క తీసి ఆయన భుజాల మీద శాలువాలా కప్పేసింది. ("వాపస్ దేనా బేటా, గిరాకీది, పొయ్యేటప్పుడు ఇచ్చెయ్యి" అని చెవిలో చెప్పింది.) చప్పట్లు కొట్టాం. రిజిస్టర్లు రాసే అలవాటుంది కాబట్టి కార్యదర్శి పని నాకు పడింది. నేను కొత్త తీర్మానాల పుస్తకం తెరిచి, మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో అంతా రాసి సంతకం పెట్టాను.

అప్పుడు కంగ్టి అక్క పిల్లను భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. పట్టు కప్పుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆగిపోయింది. "బావను ప్రెసిడెంట్ చేసినం అక్కా" అన్నాను, ఆమె సంతోషిస్తుందని. ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది, బల్ల మీదున్న హాజరు రిజిస్టర్‌ను చూసింది. "మంచిగుంది" అని వచ్చి కూర్చుంది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఆమె ఏమీ అనకపోవడానికి కారణం ఆ రిజిస్టరేనని, అందులో సగం హాజర్లు మొగుడి గొంతుతో పడ్డవని, నిజం చెబితే పరీక్ష పోతుందని నాకేం తెలుసు?

సంఘం బాగానే నడిచింది, అది చెప్పాలి. అధ్యక్షుడు మొదటి వారమే ఇంటి దగ్గర రాసుకొచ్చిన దరఖాస్తు ఇచ్చాడు. ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా ఎంత బాగుందంటే, హాజరు సారు రెండుసార్లు చదివి, మరుసటి ఆదివారానికల్లా చాబీని సుద్దముక్కల డబ్బా పైన మేకుకు తగిలించాడు. ఆ చాబీని చూడ్డానికే కొందరం తరగతికి ముందు వచ్చేవాళ్లం. బావ ఎంత బాగా రాస్తాడో అని అందరం అన్నాం. కిటికీ బయట పిల్లను ఎత్తుకున్న బావ నేల చూశాడు. అక్క నోట్సు రాసుకుంటోంది.

రెండు నెలలు కాగానే గోడ మీద నోటీసు పడింది. ఖేడ్‌లో పరీక్షా కేంద్రం తీసేస్తున్నారు, అందరూ అంత దూరం సంగారెడ్డి పోయి రాయాలి. పొద్దున తొమ్మిదింటికి పరీక్ష. కంగ్టి నుంచి చంటిపిల్లతో ఆ వేళకు ఎలా చేరాలి? ముందురోజే పోతే ఎక్కడ ఉండాలి? కంగ్టి అక్క ఆ నోటీసు ముందు చాలాసేపు నిలబడింది. "మా అత్త ఖేడ్ దాంక పోతెనే వద్దంటది. సంగారెడ్డి అంటే ఇగ పుస్తకాలు సందుకల పెట్టి తాళమేసుడే" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు, అదే నాకు మరింత కోపం తెప్పించింది. నోటీసు రాసినవాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో.

అధ్యక్షుడి పేరున వినతిపత్రం పోయింది. దానికి జవాబుగా ఒక ఆదివారం పై ఆఫీసు నుంచి ఒక పెద్ద మేడం స్వయంగా వచ్చింది. తెల్ల చీర, కళ్లద్దాలు, తొందర లేని మనిషి. హాజరు సారు ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడం కాగితం పైకెత్తి, "ఇంత బాగా రాసిన దరఖాస్తు నేను ఈ మధ్య చూడలేదు. నా ఉద్యోగులు కూడా ఇలా రాయరు. కానీ అధ్యక్షుల సంతకం కింద ఎన్‌రోల్‌మెంట్ నంబరు లేదు. నంబరు చెప్పండి, రాసుకుంటాను" అంది.

అందరం కిటికీ వైపు తిరిగి బావను పిలిచాం. కిటికీ బయట వరండాలో పిల్లను భుజాన వేసుకుని జోకొడుతున్న బావ, పిలుపు విని, పిల్లతో సహా లోపలికి వచ్చాడు. "నాకు నంబరు లేదు మేడం" అన్నాడు. "మర్చిపోయారా?" "లేదు మేడం. నేను చదువుతలేను. మా ఇంటామె చదువుతుంది. నేను తోలుకొస్త. పిల్ల ఏడిస్తే ఆమె బయటికి పోతది గద, అప్పుడు పాఠం పోవద్దని నేను రాసిపెడత. గింతే."

కండక్టర్ అన్న తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "టికెట్ లేనోణ్ణి డ్రైవర్ సీట్ల కూసోబెట్టిన" అని గొణిగాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ మాటే చెప్పుకుని నవ్వుకున్నాం కానీ, ఆ పూట నవ్వినవాళ్లు లేరు. నేను లేచి అరిచాను. ఇది మోసం అన్నాను, సంఘం పరువు తీశావు అన్నాను, పరీక్షా కేంద్రం పోతే నీదే పాపం అన్నాను. బావ అన్నీ పడ్డాడు. హాజరు సారుకు మాత్రం కళ్లు మెరిశాయి. రిజిస్టర్ తెరిచి, "అంటే ఈ నంబరుకు ఇన్నాళ్లు హాజర్ చెప్పింది ఈయననా? ఇగ ఈమె హాజరంత కొట్టేసుడే మేడం" అని కలం తీశాడు.

అప్పుడు కంగ్టి అక్క లేచింది. ఆమె అంత పెద్దగా మాట్లాడగలదని మాకెవరికీ తెలియదు.

"కొట్టేయుండ్రి సారూ. కొట్టేసే ముందు నేను యాడున్ననో గూడ అడుగుండ్రి. గా కిటికీ కింద ఉన్న. మీరు చెప్పిన ప్రతి పాఠం బండ మీద కూసొని విన్న. లోపల పిల్లలు వద్దన్నది మీరే. నేను పిలిస్తె వినవడేటంత దూరంల ఉంటి, మీరు ఒక్కనాడన్న తలకాయ లేపి చూస్తిరా?" సారు కలం గాలిలోనే ఆగిపోయింది. అక్క నా వైపు తిరిగింది. "నువ్వేందే మోసమంటున్నవ్? ఆయన పేరు చెప్పేటప్పుడు నన్ను అడిగినవా? ఆయన నోరు తెరిస్తె కూసోమంటిరి. సంఘం ఎవల కోసం పెడుతున్నవే అంటే, నీ కోసమే అక్కా, నీ బాత్రూం కోసమే అంటివి. పెట్టి నా మొగుణ్ణి ప్రెసిడెంట్ జేస్తివి."

నేను జీవితంలో చాలామందిని తిట్టాను, చాలామందితో తిట్లు తిన్నాను. ఆ పూట మాత్రం తీర్మానాల పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను.

పెద్ద మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పోయిన వారం పాఠం ఏమిటమ్మా?" అని అడిగింది. అక్క చెప్పింది. దాని ముందు వారం? అదీ చెప్పింది, సారు మధ్యలో దగ్గి ఎక్కడ ఆపాడో కూడా చెప్పింది. "ఈ దరఖాస్తు ఎవరు రాశారు?" "నేనే. చాబీది గూడ నేనే." మేడం సారు వైపు చూసి, "ఆ కలం మూసెయ్యండి" అంది. తర్వాత మాతో, "నాలుగింటికి నా బండి కదులుతుంది. ఆలోపు మీ అసలు అధ్యక్షుల సంతకంతో ఇది నా చేతికి రావాలి" అని స్టాఫ్ రూంకు పోయింది.

రెండో ఎన్నిక పది నిమిషాల్లో అయింది. కండక్టర్ అన్న ఈసారి ఒక్కొక్కరి దగ్గరికి పోయి గుర్తింపు కార్డు అడిగి, ఫోటోనూ మొహాన్నీ రెండుసార్లు పోల్చి గానీ వదల్లేదు. ఖాలాను కూడా అడిగాడు. "అరే, నీ చొక్కా కుట్టిందే నేను, నా సూరత్ ఎరుకలేదా?" అందామె, కార్డు విసిరేసి. అధ్యక్షురాలిగా కంగ్టి అక్క పేరు చెప్పింది ఖాలాయే. చేతులు లేచాయి. నాదీ లేచింది, అందరికన్నా ఆలస్యంగా. అక్క సంతకం చేసి, కింద నంబరు వేసి, ఆ నంబరు కింద గట్టిగా గీత గీసింది. పరీక్షా కేంద్రం నిలబడింది. కంగ్టి అక్క ఖేడ్‌లోనే పరీక్షలు రాసింది, మెట్ల కింద బావ పిల్లను ఆడించాడు. నాకన్నా ఆమెకు ఎక్కువ మార్కులు వచ్చాయి. (నాకు ఆ కోపం కూడా కొన్నాళ్లు ఉండింది.)

ఇదీ అసలు చరిత్ర. దీన్ని పట్టుకుని మొన్న ఆదివారం ఆ లెక్చరరును నిలదీద్దామని ఖేడ్ పోయాను. దారి పొడుగునా అనాల్సిన మాటలు వరుసగా పేర్చుకున్నాను. ఆయన ఏమీ వాదించకుండా బీరువా తీసి, మా పాత తీర్మానాల పుస్తకం నా ముందు పెట్టాడు. అట్టలో దాచిన మొదటి వినతిపత్రం నకలు మీద బావ సంతకమే ఉంది. మొదటి పేజీ తెరిచాను. ఎర్ర ఇంకు కాస్త వెలిసిపోయింది. అధ్యక్షులు: ఫలానా. ప్రతిపాదించినవారు: నా పేరు, కింద రెండు గీతలు. పేజీ తిప్పాను. పైన రెండో ఎన్నిక తేదీ నా చేత్తోనే వేసి ఉంది. కింద ఏమీ లేదు. ఒక్క అక్షరం లేదు. ఆ వెనక పేజీలు మరుసటి ఏడాది వాళ్ల రాతతో మొదలయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అందరూ అక్క చుట్టూ చేరి మాట్లాడుతుంటే, పుస్తకం మూసి సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. అంత మందిలో అక్క నన్ను అన్నదని కోపం. అన్నది నిజమని ఇంకా కోపం. కార్యదర్శిని కాబట్టి తర్వాత రాద్దామనుకున్నాను, ఎన్ని ఆదివారాలు అనుకున్నానో లెక్క లేదు. ఆ పేజీ అలాగే ఉండిపోయింది. పాపం ఆ లెక్చరరు ఉన్న రికార్డును నమ్మాడు. ఆ రికార్డు నేను.

అక్కడే కూర్చుని కంగ్టి అక్కకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు ఊళ్లో బడిలో పాఠాలు చెబుతోంది. సంగతంతా చెప్పి, "ఇప్పుడు రాయమంటవా అక్కా, లేక ఇంత కాలమైనంక ఎందుకంటవా?" అన్నాను. "రాయి" అంది వెంటనే. "ఎందుకనను. ఇన్నేండ్లు నువ్వు రాసినవనే అనుకున్న. నంబరుతో సహా రాయి." మళ్లీ తనే, "బావ పేజీ చింపకు. ఇంటింటికి చూపెట్టుకుంటడు" అంది.

లెక్చరరు దగ్గర పెన్ను తీసుకుని, ఆ తేదీ కింద అంతా రాశాను. అధ్యక్షురాలు, ఆమె పేరు, ఆమె ఫోన్‌లో అప్పజెప్పిన నంబరు. ప్రతిపాదించినవారు అన్న చోటికి వచ్చేసరికి, నిజం చెబుతున్నాను, నా చెయ్యి నా పేరులోని మొదటి అక్షరం సగం రాసేసింది. ఆ బల్ల గుద్దిన పిల్ల ఇంకా ఎక్కడికీ పోలేదు. దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ సగం అక్షరాన్ని కొట్టేసి, పక్కన ఖాలా పేరు రాశాను.